సన్నమ్మ బెల్లం మానిన వేసవి

మోదుగుకొండ మీద ఒక మధ్యాహ్నం ఎలుగుబంటి ఒకటి రాతిసందులో ఇరుక్కుపోయింది. తల, భుజాలు గుహ లోపలున్నాయి. నడుము నుంచి వెనక భాగమంతా బయట ఎండలో ఉంది. ముందుకు పోదు, వెనక్కి రాదు.

దాని పేరు సన్నమ్మ. పుట్టినప్పుడు చిన్న కాయంత ఉండేదని తల్లి పెట్టిన పేరు. ఆ సందు వెనక గుహే దాని ఇల్లు. లోపలికి ఎవరు రావాలన్నా ఒక్కొక్కరుగా తల వంచుకుని రావాలి. ఎదురుగా ఎలుగు గోళ్లుంటాయి. అందుకే పులైనా ఆ సందు దగ్గర ఆగేది కాదు.

"ఊపిరి పీల్చకే సన్నమ్మా! వదులు! మొత్తం వదిలెయ్!" అని వెనక నుంచి కేకేసింది పక్క పొదలో ఉండే ముసలి ఏదుపంది పైడమ్మ.

సన్నమ్మ ఊపిరంతా వదిలి కాళ్లు తన్నింది. రాయి ఒంటిమీది బొచ్చును దువ్వేసినంత పని చేసింది. చివరికి వెనక్కి ఊడి, దబ్బుమని కింద పడింది.

"రాయి పెరిగిందా అత్తా?" అంది రొప్పుతూ.

"రాళ్లు పెరగవమ్మా. ఏటి తింటున్నావో నాకు తెలీదనుకుంటున్నావా? మూతి చూసుకో, జిగురు ఇంకా ఆరలేదు."

సన్నమ్మ గబుక్కున మూతి నాక్కుంది. కొండ కింద చెరుకు తోటల నడుమ బెల్లం వండే పాక ఉంది. శీతాకాలంలో గుంటనక్క అసిరయ్య ఆ పాక వెనక తాటాకు దడిలో కన్నం చూపించింది. మొదట్లో వారానికోసారి వెళ్లేది సన్నమ్మ. తరవాత రోజూ వెళ్లింది. ఆ తరవాత పొద్దుట ఒకసారి, మాపటికి ఒకసారి.

"రేచుకుక్కల సంగతి మర్చిపోయావా?" అంది పైడమ్మ గొంతు తగ్గించి. "అవతలి కొండ ఊట ఎండిందంటే అవి ఇటే వస్తాయి. మహా అయితే నలభై రోజులు. నన్నంటే ముళ్లు కాపాడతాయి. నిన్ను ఈ సందే కాపాడాలి."

పోయిన వేసవిలో ఆ అడవికుక్కల గుంపు ఒక అడవి దున్నను చుట్టుముట్టడం సన్నమ్మ గుహలోంచి చూసింది. దున్న అరుపులు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి.

"ఇవాళ్టి నుంచి బెల్లం ముట్టను," అంది.

"ముట్టనని నాతో అనకు. రేపు పొద్దున్న నీ కాళ్లతో అను."

మర్నాడు పొద్దున్న కాళ్లు వాటంతటవే పాక దారి పట్టాయి. సగం దారిలో సన్నమ్మ ఒక మద్దిచెట్టును కావలించుకుని ఆగిపోయింది. గాలి అటు నుంచే వస్తోంది. పాకం వాసన. ఒళ్లు వణికింది. వెనక్కి తిరిగి వచ్చి ఒక పుట్టను తవ్వి చెదపురుగులు తింది. మట్టి తిన్నట్టుంది. మూడో రోజుకు తల పగిలిపోయే నొప్పి. నాలుగో రోజు ఏ తప్పూ చెయ్యని ఉడుతను కసిరింది. ఆరో రోజు ఊరికే ఏడుపొచ్చింది.

ఏడో రోజున అసిరయ్య వచ్చింది, నోట్లో పిడికెడు బెల్లం ముక్క కరుచుకుని.

"పాక దగ్గర కనబడటం లేదేటప్పా? ఒంట్లో బాలేదేమోనని ప్రాణం కొట్టుకుపోయింది. ఇదిగో, నీకోసమే తెచ్చాను."

"వద్దు తమ్ముడూ, మానేశాను."

"మానేశావా? ఎవరు చెప్పారు? ఆ ముళ్లావిడా? తను తినలేదు, పక్కవాళ్లు తింటే ఓర్వలేదు. మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో! అయినా నేనేం దిమ్మ తినమన్నానా? ఒక్క ముక్క."

"వద్దన్నానా!"

"సరే సరే. ఇక్కడ పెడతాను. తినకపోతే పారెయ్. నీ ఇష్టం."

ముక్కను రాతిమీద పెట్టి వెళ్లిపోయింది నక్క. సన్నమ్మ దానికి వీపు పెట్టి కూర్చుంది. ఎండకు బెల్లం కరిగి వాసన ఎక్కువైంది. పారేద్దామని లేచింది. పారెయ్యాలంటే పట్టుకోవాలి కదా. పట్టుకుంటే అరచేతికి అంటింది. అంటిందాన్ని నాకింది. ఆ తరవాత ఏం జరిగిందో దానికే సరిగా గుర్తులేదు. సాయంత్రానికి అది పాక వెనక ఉంది, మొహమంతా బెల్లంతో, పొట్ట పట్టుకుని మూలుగుతూ.

మర్నాడు పైడమ్మ దగ్గరికి వెళ్లి తల దించుకుంది. "నావల్ల కాదత్తా."

పైడమ్మ తిట్టలేదు. "నిన్న ఒక్కరోజు తిన్నావు. అంతకు ముందు ఆరు రోజులు తినలేదు. ఆ ఆరు రోజులూ ఎవరివల్ల అయ్యాయి?"

సన్నమ్మ మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి గాలి పాక వైపు నుంచి వీస్తే కొండ అవతలి వాలుకు వెళ్లిపోయేది. దుంపలు తవ్వింది, చీమలు తింది, ఉసిరికాయలు నమిలింది. రెండో వారానికి తలనొప్పి పోయింది. ఇప్పుడు సందులో భుజాలు దాటి పొట్ట కూడా పడుతోంది. తుంటి దగ్గరే ఆగిపోతోంది.

నక్క మాత్రం ఆగలేదు. రోజు విడిచి రోజు ముక్క తెచ్చి రాతిమీద పెట్టి పోయేది. అది పోగానే సన్నమ్మ దాన్ని కర్రతో లోయలోకి నెట్టేసేది. ఒకనాడు సన్నమ్మ అడిగింది: "నాకింత ప్రేమగా తెస్తావు, నువ్వొక్క ముక్కా తినవేం తమ్ముడూ?"

"నాకు పడదప్పా, పళ్లు జివ్వుమంటాయి," అని నవ్వింది అసిరయ్య. ఆగి, ఏమీ ఎరగనట్టు, "ఇంతకీ గుహలోకి పడుతున్నావా?" అంది.

గుహలో పట్టని సంగతి సన్నమ్మ పైడమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఈ నక్క ఎక్కణ్ణుంచో కనిపెట్టి చూస్తోందన్నమాట. ఎందుకు? సన్నమ్మ తొణక్కుండా నిట్టూర్చింది. "ఎక్కడ పడతానురా. ఆ ఆశ వదిలేశాను."

నక్క కళ్లు మెరిశాయి. మర్నాడు ఒకటి కాదు, రెండు ముక్కలు తెచ్చింది.

ఆ సాయంత్రం సన్నమ్మ దూరంగా నక్క వెనకే నడిచి, కొండ శిఖరం మీద బండ చాటున ఆగింది. అవతలి వాలులో ఎర్రటి ఒళ్లు కనిపించాయి. తొమ్మిది రేచుకుక్కలు. నడుమ వాటి పెద్ద, చెవి తెగిన దాలయ్య.

"ఊట ఎండిపోయింది. దుప్పులు పోయాయి. మా వాళ్లు మూడు రోజులుగా పస్తులున్నారు," అంటోంది దాలయ్య. "ఎలుగు లేకపోతే నక్కైనా సరేనంటున్నారు."

"బాబ్బాబు, ఇంకొక్క నాలుగు రోజులు! అది సందులో పట్టదు, పరిగెత్తలేదు. దగ్గరుండి మేపుతున్నాను. పట్టదని నా కళ్లతో చూసుకుని వచ్చి పిలుస్తాను. మీరు తినగా మిగిలింది నాకు చాలు. తప్పితే నన్నే తినండి."

సన్నమ్మ చప్పుడు కాకుండా దిగి వచ్చి పైడమ్మకు చెప్పింది. "రేపట్నుంచి దాన్ని దగ్గరికి రానివ్వకు," అంది పైడమ్మ.

"రానివ్వకపోతే అనుమానపడి రేపే గుంపును తెస్తుంది. తుంటి ఇంకా పట్టడం లేదు. నాకా నాలుగు రోజులూ కావాలి అత్తా."

మర్నాడు నక్క వచ్చేసరికి సన్నమ్మ బురదలో పొర్లి, బొచ్చంతా విరబోసుకుని, రెండింతలై కూర్చుంది. నక్క బెల్లం ముందు పెట్టి కదల్లేదు.

"నా ఎదురుగా తినప్పా. నువ్వు తింటుంటే చూడాలని ఉంది."

సన్నమ్మ ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది. తీపి నాలుకకు తగలగానే కళ్లు మూతలు పడ్డాయి. ఇన్నాళ్లూ దూరంగా వాసన చూస్తేనే వణికిన ఒళ్లు, ఇప్పుడు మింగు మింగు అని అరుస్తోంది. ముక్కను దవడ కిందికి తోసి, ఉత్తినే నమిలింది. రసం గొంతు దాకా వచ్చింది. ఆపింది.

"ఎలా ఉంది?"

మాట్లాడితే మింగాల్సి వస్తుంది. సన్నమ్మ తల ఊపి పొట్ట నిమురుకుంది. నక్క తోక తిప్పుకుంటూ పోయింది. అది మలుపు తిరగ్గానే సన్నమ్మ అంతా ఉమ్మేసి, వాగు దాకా పరుగెత్తి నోరు కడుక్కుని, ఒడ్డున కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. మూడు రోజులు అలాగే చేసింది. నేలమీద పడ్డ ముక్కను మళ్లీ తియ్యాలని మూడు రోజులూ అనిపించింది. తియ్యలేదు.

మూడో రాత్రికి తుంటి కూడా దాదాపు పట్టింది; ఇక గుంపు వచ్చినా నక్క మాటే అబద్ధమవుతుంది. నాలుగో రోజు పొద్దున్నే నక్క చూస్తుండగా సన్నమ్మ సందులో తల పెట్టి, సగంలో ఒళ్లు బిగబట్టి, గావుకేక పెట్టింది. "తమ్ముడూ! ఇరుక్కుపోయాను! లాగరా!"

నక్క రెండుసార్లు లాగినట్టు చేసి, "సాయం తెస్తానప్పా!" అని శిఖరం వైపు పరుగు తీసింది.

వెంటనే సన్నమ్మ వెనక్కి వచ్చి బురదంతా రాతికి రుద్దుకుంది. ఆఖరుసారిగా కొలత చూసుకుందామని సందు వైపు తిరిగేలోపే పైడమ్మ కేకేసింది: "వచ్చేశాయే!"

అంత తొందరగా వస్తాయని అనుకోలేదు. గుంపు శిఖరం ఇవతలే కాచుకుని ఉంది కాబోలు. పైడమ్మ పొదలో దూరి ముళ్లు విప్పుకుంది. సన్నమ్మ సందులోకి దూకింది. తల, భుజాలు, పొట్ట. తుంటి ఆగింది.

ఊపిరంతా వదిలేసింది. తుంటి వేలెడు జరిగింది. వెనక ఏదో మడమ పట్టుకుని లాగింది. వదలడానికి ఇంక ఊపిరి లేదు. కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. రెండో కాలితో వెనక్కి బలంగా తన్నింది. కుయ్యిమన్న అరుపు, మడమ వదులైంది. రాయి తుంటి చర్మాన్ని చీరేసింది. సన్నమ్మ గుహలో బోర్లా పడి, ఆ క్షణమే తిరిగి, రెండు చేతుల గోళ్లూ సందుకు ఎదురుగా పెట్టి గర్జించింది.

ముందున్న రేచుకుక్క తల పెట్టబోయి వెనక్కి తగ్గింది. లోపల సన్నమ్మ మడమ నుంచి నెత్తురు కారుతోంది. దానికి నొప్పి తెలియడం లేదు.

"పట్టదన్నావు," అంది బయట దాలయ్య గొంతు.

"ఇప్పుడే... ఇప్పుడే ఇరుక్కుని ఉంది బాబూ! నేనే లాగాను!"

"దగ్గరుండి మేపానన్నావు."

"మేపాను! నా ఎదురుగానే నమిలింది! తల ఊపింది కూడా!"

"నమలడం చూశావు. మింగడం చూశావా?"

అసిరయ్య మెల్లగా ఒక అడుగు వెనక్కి వేసింది. తొమ్మిది మూతులు దాని వైపు తిరిగాయి. ఆ తరవాత వాలు మీద రాళ్లు దొర్లిన చప్పుడు, ముళ్లకంపలు విరిగిన చప్పుడు, దూరమవుతున్న అరుపులు వినిపించాయి. ఆ రోజు నుంచి అసిరయ్య మోదుగుకొండ మీద ఎవరికీ కనబడలేదు.

నీతి: అడక్కుండానే రోజూ నోటికి తీపి అందించేవాడికి నీ ఆకలి కన్నా తన ఆకలే ఎక్కువ.