వాగు దాటలేకపోయిన ముళ్లపంది

అనగనగా, ఇప్పచెట్లు దట్టంగా ఉండే ఒక అడవిలో ముత్తెమ్మ అనే ముళ్లపంది ఉండేది. ఒళ్లంతా ముళ్లే గానీ మనసు మాత్రం వెన్న. దానికి ఒక్కగానొక్క చెల్లెలు. ఆ చెల్లెలు వాగుకు అవతల ఉండేది.

ఒక వేసవిలో ముత్తెమ్మ పన్ను పుచ్చింది. దవడ వాచి తిండి మానేసింది. వడ్రంగిపిట్ట వచ్చి, ముక్కుతో పుచ్చు తొలిచి పన్ను బాగుచేసింది.

"మూడు దొప్పల చెదపురుగులు ఇవ్వమ్మా" అంది.

"రేపే ఇస్తాను" అంది ముత్తెమ్మ.

నొప్పి పోయాక ఆ మాటే మరిచిపోయింది. వడ్రంగిపిట్ట మొదటిసారి అడిగితే "పుట్టలు గట్టిగా ఉన్నాయి" అంది. రెండోసారి వస్తే బొరియలోంచి పలకలేదు. మూడోసారి ఆ పిట్టను దూరం నుంచే చూసి ముత్తెమ్మ దారి మార్చేసింది. "నేనేమైనా అప్పు తెచ్చుకుని తిన్నానా? వైద్యం చేయించుకున్నాను. అదీ ఒక బాకీయేనా?" అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

వానలు దగ్గరపడ్డాయి. చెల్లెలికి కవల పిల్లలు పుట్టారని కబురొచ్చింది. ముత్తెమ్మకు ఇక కాలు నిలవలేదు. ఆ పసివాళ్లను ఒక్కసారి ఒళ్లో పెట్టుకోవాలని ఒకటే ఆరాటం. గట్టుకు పరుగెత్తి, అందరినీ వీపు మీద దాటించే తాబేలును బతిమాలింది.

"మామా, నన్ను దాటించు. దుంపలు ఊరాక నీ కూలి ఇచ్చేస్తాను."

"అరువంటే గోరింకను అడగాలి కదమ్మా" అన్నాడు తాబేలు మామ. ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో పున్నమి పున్నమికి అడవంతా చాటేది గోరింకే.

"వడ్రంగిపిట్టకు మూడు దొప్పలు బాకీ" అంది గోరింక కొమ్మ మీంచి.

తాబేలు మామ తల లోపలికి లాక్కున్నాడు. "ఏమీ అనుకోకమ్మా. నొప్పి తీర్చినవాళ్లకే ఇవ్వలేదు, నాకేం ఇస్తావు?"

ముత్తెమ్మ గోళ్లు అరిగేలా పుట్ట తవ్వి, ఆ సాయంత్రమే మూడు దొప్పలూ ఇచ్చేసింది. వడ్రంగిపిట్ట నొచ్చుకుంది. "కష్టంగా ఉందని ఒక్క మాట చెప్తే, నెలకో దొప్ప తీసుకునేదాన్ని కదా! మొహం ఎందుకు చాటేశావమ్మా?"

గోరింక కూడా జాలిపడింది. "తీర్చేశావని తప్పకుండా చెప్తాను. కానీ వచ్చే పున్నమికే. ఎవరికైనా అదే పద్ధతి."

గోరింక చాటేదాకా తాబేలు మామ అరువుకు ఒప్పుకోడు. పున్నమి కంటే వాన ముందొచ్చింది. వాగు ఒడ్డులు ఒరుసుకుని పారింది. గోరింక చాటిన రోజు తాబేలు మామ సరేనన్నాడు గానీ, ఆ వరదలో దిగడం ఎవరి తరం? అవతలి గట్టున చెల్లెలు పిల్లలను పైకెత్తి, "అక్కా! వీళ్లను చూడవే!" అని అరిచింది. ముత్తెమ్మ కళ్లు చికిలించి చూసింది. రెండు నల్లటి చుక్కలు కనిపించాయి, అంతే. వాటినే చూస్తూ వానలో నిలబడి ఏడ్చింది.

నీతి: వైద్యానికి పడ్డ బాకీ కూడా బాకీయే. తీర్చలేనప్పుడు దాక్కోకుండా వెళ్లి చెప్పుకోవాలి. పోయిన నమ్మకం మనకు కావలసిన రోజుకు తిరిగి రాదు.