నల్ల గడియ

అనగా అనగా, తల్లీ, ఏటి పక్కన ఒక ఊరుండేది. ఆ ఊరి గింజల కొట్టుకి తాళం లేదు. తలుపుకి నాలుగు గడియలు మాత్రం ఉండేవి. ఒకటి ఎర్రది, ఒకటి పసుపుది, ఒకటి ఆకుపచ్చది, ఒకటి నల్లది. సరైన వరసలో లాగితేనే తలుపు తెరుచుకునేది. వరస తప్పితే నాలుగూ టక్కున వెనక్కి పోయేవి.

ఆ వరస వడ్రంగి సూరయ్యకొక్కడికే తెలుసు. ఒకరోజు పొద్దున్నే అతను కొట్టు మూసి, ఏరు దాటి పెళ్ళికెళ్ళాడు. అప్పుడు ఏరు పొంగింది. అప్పుడే కొట్టులోంచి సన్నగా 'మే' అని వినిపించింది.

అది వరాలు అనే పిల్ల పెంచుకుంటున్న మేకపిల్ల, తలుపు మూసేముందు ఎవరూ చూడకుండా లోపలికి దూరింది. పుట్టి మూడు రోజులే. పాలు లేకపోతే సాయంత్రానికి బతకదు. బయట తల్లిమేక ఒకటే అరుపు. తలుపు పగలగొడదామంటే అది టేకు తలుపు, గొడ్డలి దిగలేదు. పాపం, వరాలికి ఏడుపొచ్చింది.

అప్పుడు ఊళ్ళో మగాళ్ళొచ్చి చేతికొచ్చినట్టు లాగారు. లాగిన వరసే మళ్ళీ మళ్ళీ లాగి అలిసిపోయారు. ఆ తర్వాత పెద్దమనిషి అప్పన్న దణ్ణం పెట్టుకుని లాగాడు. అదీ అంతే.

ఆ తర్వాత వరాలు కళ్ళు తుడుచుకుని బొగ్గుముక్క తెచ్చింది. లాగిన వరసనల్లా గోడ మీద గీసింది. ముందు ఎర్రది లాగితే రెండోదానికి మూడు దారులు, మూడోదానికి రెండు, ఆఖరికి ఒకటే. మూడు రెళ్ళు ఆరు. ఆ ఆరూ అయ్యాయి. అప్పుడు పసుపుతో ఆరు, ఆకుపచ్చతో ఆరు. ఊహూ, తలుపు కదల్లేదు.

"అన్నీ అయిపోయాయే పిల్లా" అన్నాడు అప్పన్న.

"ఎక్కడయ్యాయి తాతా? నాలుగు ఆర్లు ఇరవై నాలుగు. మనం లాగినవి పద్దెనిమిదే. నల్లదానితో ఆరున్నాయి."

"నలుపుతో మొదలెడతావా? అరిష్టం!"

ఆ ఊళ్ళో ఏ పనీ నలుపుతో మొదలెట్టరమ్మా. అందుకే పొద్దుట్నించీ ఒక్కరూ దాన్ని ముందు ముట్టలేదు.

వరాలికి ఒళ్ళు మండింది. "నా మేకపిల్ల ఆకలికి రంగులు తెలుసా తాతా?" అని నల్ల గడియ లాగింది. మొదటి వరస కాదు. రెండోదీ కాదు. మూడోదానికి కిర్రుమని తలుపు తెరుచుకుంది.

అప్పన్న నోరెళ్ళబెట్టాడు. "సూరయ్య గడుసువాడే! దొంగలదీ ఈ ఊరేగా, నల్లదాన్ని ముందు ముట్టరని తెలుసు వాడికి" అన్నాడు.

వరాలు ఆ మాట వినలేదు. మేకపిల్ల తూలుకుంటూ వచ్చి తల్లి పొదుగు పట్టుకుంటే, చూస్తూ కూర్చుంది.

రేపు లెక్కల పరీక్షలో నువ్వూ అంతే, తల్లీ. భయపడి ఒక్క వరసా వదలకు.

కథేమో కంచికి, పాపేమో మంచానికి, లెక్కేమో రేపు బడికి.