గీతకు ఇవతల జాగా

"సిగ్గనిపిస్తలేదా ఐలయ్యా? నెత్తి సగం తెల్లబడ్డది. పందొమ్మిదేండ్ల నర్సింగు తొడగాల్సిన చొక్కా నువ్వు తొడుక్కొని వచ్చినవా? విప్పు ముందు!"

జోజప్ప మాస్టారు ఈ మాట తల ఎత్తకుండానే అన్నాడు. లాలాగూడ మైదానంలో పొద్దున్నే సున్నం డబ్బా పట్టుకొని హద్దు గీత గీయడం ఆయనకు నలభై ఏళ్ల అలవాటు. ఎవరొచ్చినా గీత పూర్తయ్యేదాకా నడుము ఎత్తడు. ఆయన దగ్గర ఫుట్‌బాల్ నేర్చుకున్న ఐలయ్య ఇప్పుడు అదే మైదానంలో ఒక కుర్ర జట్టుకు శిక్షకుడు. ఆ సాయంత్రమే ఫైనల్. ఆటగాళ్ల పట్టీలో నర్సింగు పేరు కొట్టేసి తన పేరు రాసుకున్నాడు. పట్టీ ఇంకా జేబులోనే ఉంది.

"పిల్లగానికి ఆట రాదంటలేను సార్. నాకొచ్చినంత రాదు గదా! తెలిసినోడు గట్టు మీద కూసొని, తెలువనోణ్ణి లోపలికి తోలుడు న్యాయమేనా?"

స్వార్థం ఎప్పుడూ న్యాయం చొక్కా తొడుక్కునే వస్తుంది. మాస్టారు దానితో వాదం పెట్టుకోలేదు. ఒకప్పుడు తాను పాండిచ్చేరిలో శిక్షకుల తరగతికి పోయినప్పుడు అక్కడ పాఠం చెప్పిన ఫ్రెంచివాడి సంగతి ఎత్తుకున్నాడు.

ఆయన పేరు గాస్తోన్ మెర్విల్. పడుచు వయసులో ఫ్రాన్సు జట్టుకు ఆడినవాడు. ఆకాశంలోంచి పడే బంతిని, నిద్రపోతున్న బిడ్డను పక్కమీద దించినట్టు, పాదం మీద దించేవాడు. ఆ ఒక్క విద్య చూడటానికి జనం బారులు తీరేవారు. మోకాలు చెడి ఆట మానుకున్నాక, సముద్రం నడుమ ఉన్న ఒక చిన్న ద్వీప దేశం ఆయన్ను పిలిచి తన జట్టును చేతిలో పెట్టింది. ఆ దేశం అంతవరకు ఏ పెద్ద పోటీకీ ఎక్కిన పాపాన పోలేదు.

మెర్విల్ కష్టపడ్డాడు, అందులో అబద్ధం లేదు. కానీ రోజూ సాధన ముగిసేవేళకు కాలు నిలిచేది కాదు. బంతి పైకి తన్నించుకొని పాదం మీద దించేవాడు. ఆటగాళ్లు చప్పట్లు కొట్టేవారు. ఆయన నవ్వుతూ టోపీ తీసేవాడు. సహాయకుడైన ముసలి మూసా ఒకసారి చెప్పి చూశాడు: "దొరా, వాళ్లు నేర్చుకోవట్లేదు. నిన్ను చూస్తున్నారంతే."

"చూస్తేనే కదయ్యా వచ్చేది!" అన్నాడు మెర్విల్.

చివరికి పెద్ద పోటీకి అర్హత తేల్చే రెండు ఆటలు వచ్చాయి. మొదటిది పరాయి గడ్డ మీద. ఇంకో రెండు నిమిషాల్లో ముగుస్తుందనగా ఎవరికీ గోలు లేదు. అప్పుడు ద్వీపం వాళ్ల వెనుక వరసలోంచి ఒకడు బంతిని ఎత్తుగా, పొడుగ్గా కొట్టాడు. దాని కోసం అబ్దూ అనే కుర్రవాడు గీత వెంబడి ఉరికాడు. ఎదుటి గోల్‌కీపర్ తొందరపడి ముందుకొచ్చేశాడు. వెనుక గోలు ఖాళీ. బంతి తిన్నగా మెర్విల్ నిలబడ్డ వైపే దిగుతోంది.

గాలి దాన్ని గీత లోపలే ఉంచింది. మెర్విల్ పాదం మాత్రం ఆగలేదు. తళతళలాడే బూటుతో గీత దాటి, బంతిని మెత్తగా పాదం మీద దించాడు. పరాయి జనమంతా "ఆహా" అన్నారు. అలవాటు కొద్దీ చెయ్యి టోపీ మీదికి పోయింది. అప్పుడు ఈల వినిపించింది. తలెత్తితే అబ్దూ రెండు చేతులూ నెత్తిన పెట్టుకొని నిలబడి ఉన్నాడు.

బంతి అవతలి వాళ్లకిచ్చారు. మెర్విల్‌కు ఎర్రకార్డు చూపించారు. ఆట అలాగే ముగిసింది. రెండో ఆటకు జట్టు ఛాయలకు రావద్దన్నారు.

వారం తరవాత సొంత గడ్డ మీద, ఆయన మామూలు మనిషిలా ఇనుప జాలీ వెనకాల జనంలో కూర్చున్నాడు. అరిచాడు, చేతులు ఊపాడు. లోపల ఎవరికీ వినపడలేదు. వెనుక కూర్చున్న చేపలమ్మే ఆవిడ భుజం మీద తట్టి, "కూర్చోవయ్యా బాబూ, అడ్డం! నువ్వొక్కడివే ఆడుతున్నావా ఏం?" అంది. ఆయన కూర్చున్నాడు. అబ్దూ రెండు గోల్స్ కొట్టాడు. రెండోది, ఆకాశంలోంచి పడ్డ బంతిని పాదం మీద దించుకొని కొట్టాడు. ద్వీపమంతా వీధుల్లో పడి చిందులేసింది.

కథ ఇక్కడికొచ్చేసరికి ఐలయ్య పగలబడి నవ్వాడు. నవ్వుతూనే చెయ్యి జేబులోకి పోయింది. పట్టీ తీసి మోకాలి మీద పరుచుకొని, తన పేరు కొట్టేసి నర్సింగు పేరు మళ్లీ రాశాడు. తరవాత చొక్కా విప్పాడు.

"మంచిగనే అయింది గద సార్, గెలిచిన్రు. ఆయనకు పోయిందేముంది?"

"ఆ దేశమోళ్లు ఆనాటి జట్టు ఫోటోతోని పోస్టు బిళ్ల ఏసిన్రు. ఆయన దాన్ని పర్సుల పెట్టుకొని తిరిగేటోడు. మాకు తరగతిల చూపెట్టిండు. అందరున్నరు. ముసలి మూసా గూడ ఉన్నడు."

"ఆయన?"

మాస్టారు సున్నం డబ్బా ఎత్తి ఐలయ్య చేతికిచ్చాడు. ఇంకా తడి ఆరని గీతకు జానెడు ఇవతల, కాలి బొటనవేలితో మట్టి మీద చిన్న గుర్తు పెట్టాడు.

"ఆయన జాగా ఇగో, ఇక్కడ. బిళ్ల అంచుకు ఇవతల గోటితోని చూపెట్టిండు."