ముందు కప్పు

అనగనగనగా... మరీ అంత అనగనగా ఏం కాదులే, నేను నీ అంత ఉన్నప్పుడు, కాలవ పక్కన ఒక ఊళ్ళో మా గంగరత్నం అత్తయ్య ఉండేది. దుప్పటి తన్నెయ్యకు, చెబుతున్నాగా.

అత్తయ్యది పెంకుటిల్లు. లోపలంతా ఎర్రటి గచ్చు. అది మా మావయ్య పోసింది. ఆయన తాపీమేస్త్రి. ఊరందరి ఇళ్ళూ కట్టి, చివర్న తన ఇంటికి గచ్చు పోసుకున్నాడు. ఎండాకాలం దాని మీద చెంప ఆనించి పడుకుంటే ఎంత చల్లగా ఉండేదో. ఇప్పుడు మీ ఇంట్లో ఆ తెల్లటి పలకలున్నాయి చూడు, వాటి మీద కాలు పెట్టాలంటేనే నాకు భయం.

ఆ తర్వాత మావయ్య పోయాడు. రెండేళ్ళకి ఇల్లు కురవడం మొదలైంది. పెంకులు దింపి, పుచ్చిన వాసాలు మార్చాలి. ఆ పనికి ఊళ్ళో పెంకులు నేసే పోలయ్యని పిలిచింది. అత్తయ్య దిగులు కప్పు గురించి కాదు. కప్పు పోతే ఇంకో కప్పు వేస్తారు. గచ్చుకి దెబ్బ తగిలితే మళ్ళీ పోసే మనిషేడీ?

మొదటి రోజు పోలయ్య భోషాణం పక్కకి లాగబోయాడు. అత్తయ్య ఆపి, దాని కింద పాత బొంత దూర్చింది. అప్పుడది చప్పుడు లేకుండా జారింది.

రెండో రోజు నిచ్చెన తెచ్చాడు. అత్తయ్య దాని రెండు కాళ్ళకీ గుడ్డలు చుట్టి కట్టింది. "నిచ్చెనకి కూడా మేజోళ్ళా అత్తా" అని నవ్వాడు పోలయ్య. "నీ నోటికీ కడతాను, ఊరుకో" అంది.

మూడో రోజు పెంకులు దింపాలి. గచ్చు మీద పరచడానికి గోనెపట్టాలు గోడవారగా పెట్టింది. వాటి మీద మందంగా గడ్డి కూడా వేద్దామనుకుంది. గడ్డి కోసం దొడ్లోకి వెళ్తూ వెళ్తూ, "పోలయ్యా, ముందు కప్పు. తర్వాతే ఏదైనా" అని చెప్పింది.

గచ్చుని కప్పమని ఆవిడ ఉద్దేశం. పోలయ్య ఏమో తలెత్తి ఇంటి కప్పుని చూశాడు. ముందు కప్పు సంగతే చూడాలి కాబోలనుకుని నిచ్చెనెక్కేశాడు. అప్పుడు పెంకుల దొంతర ఒకటి చెయ్యి జారింది.

అత్తయ్య గడ్డిమోపుతో వచ్చేసరికి గచ్చు నడిమధ్యన అరచేతంత పెచ్చు లేచిపోయి ఉంది.

"కప్పమన్నాను కదరా."

"కప్పే కదత్తా విప్పుతున్నాను."

నవ్వొస్తోందా? అప్పుడక్కడే ఉన్న నాకూ వచ్చింది. అత్తయ్య మొహం చూశాక నోరు మూసుకున్నాను. మోపు అక్కడే వదిలేసి, ఆ పెచ్చు పక్కన కూలబడి ఏడ్చింది. మావయ్య పోయిన రోజు కూడా అత్తయ్య అలా ఏడవలేదు.

ఆ తర్వాత కప్పు పని అయింది. పోలయ్య తలొంచుకుని సిమెంటు తెచ్చాడు. "పూడుస్తానత్తా. ఆ ఎరుపు మాత్రం నాకు రాదు. అది మామతోనే పోయింది" అన్నాడు.

అప్పుడు అత్తయ్యకి ఒళ్ళు మండింది. "పోసింది ఆయన. పక్కన కూర్చుని రంగు కలిపిందెవరు? వారం రోజులు రాయి పెట్టి రుద్దిందెవరు? లే పక్కకి" అంది.

కొంగు బిగించి కూర్చుంది. మొదటిసారి కలిపితే రంగు నల్లబడింది. రెండోసారి పాలిపోయింది. మూడోసారి కుదిరింది. పెచ్చు లేచిన చోటు పూడ్చి, నున్నటి రాయితో రుద్ది, ఆరాక కొబ్బరినూనె పట్టించింది. ఎంత చేసినా కొత్త ఎరుపు పాత ఎరుపులో కలిసిపోలేదు, కాస్త వేరుగానే కనబడేది. అయినా దాన్ని మళ్ళీ ముట్టుకోలేదు అత్తయ్య.

ఇంటికొచ్చిన వాళ్ళు అడిగేవారు, నట్టింట్లో ఆ మచ్చేమిటని.

"మచ్చ కాదు. అది నేను పోసింది. చుట్టూ ఉన్నది ఆయన పోసింది" అనేది.

కథ వెళ్ళింది కంచికి,
మనమొచ్చాం ఇంటికి,
నిద్రొచ్చింది కంటికి.