పాతర అడుగున చెమ్మ

అనగనగా, కొట్లకింకా తాళాలు పుట్టని రోజుల్లో, ఒక జొన్నచేను గట్టు మీద చిన్న ప్రాణులన్నీ కలిసి గింజలు దాచుకోవడానికి నేలలో పాతర తవ్వుకున్నాయి. కోతలప్పుడు తలా ఒక దోసెడు అందులో పోసేవి. విత్తనాలకో, ఆకలికో అవసరం పడితే అప్పుగా తీసుకుని, పంట చేతికొచ్చాక తిరిగి పోసేవి.

గట్టుకు అవతల పందికొక్కు కొట్టు ఉండేది. అదీ అప్పిచ్చేది, కానీ దోసెడుకు రెండు దోసిళ్లు గుంజేది. పాతర ఉండగా దాని గడప ఎవరు తొక్కుతారు?

పాతరకు పెద్ద తాబేలు తాత. పక్షానికోసారి అందరినీ కూర్చోబెట్టి, "ఎవరేం పొరపాటు చేశారర్రా?" అని అడిగేది. చెప్పినవాళ్లకే మొదటి గుప్పెడు పేలాలు! ఆ తర్వాత అన్నీ కలిసి ఆ పొరపాటు సరిచేసేవి.

తాతకు వయసు మీదపడింది. దాని చోట పాతరకు ముంగిస పెద్ద అయింది. పాపం, చెడ్డది కాదు, కష్టజీవి. కానీ దాని కళ్లెప్పుడూ పందికొక్కు కొట్టు మీదే. "అక్కడ చూడండి, పొరపాటంటూ నోరెత్తేవాళ్లే లేరు. మనమూ అలా ఉంటేనే పోటీలో నిలుస్తాం" అంది.

మొదటి పక్షం ఉడుత లేచి, "మూత వేయడం మరిచానండీ" అంది.

"నెల్లాళ్లు వెనక వరసలో కూర్చో!" అంది ముంగిస.

రెండో పక్షం కౌజుపిట్ట, "కొలత తప్పానండీ" అంది.

"నువ్వూ వెనక్కే! ఇక కొలపాత్ర ముట్టుకోకు!"

మూడో పక్షం ఎవరూ లేవలేదు. ముంగిస మీసం దువ్వుకుంది. "చూశారా, ఒక్క పొరపాటూ లేదు!"

పాతర ఊడ్చే చుంచెలుక చుంచమ్మకు మాత్రం ఆ వేళే అడుగున చెమ్మ వాసన తగిలింది. చెప్పబోయింది. చెబితే పని పోతుందేమో, పిల్లలేం తింటారు? మాట మింగేసింది.

తొలకరి పడింది. విత్తనాలకని అందరూ సంచులు పట్టుకొచ్చారు. ముంగిస మూత తీసేసరికి గుప్పున ముక్కిన వాసన!

గట్టవతల పందికొక్కు తలుపు బార్లా తీసింది. "రండి రండి, ఈ ఏడు దోసెడుకు మూడే!"

ఏం చేస్తారు పాపం, విత్తకపోతే ఏడాదంతా పస్తులే. ఒక్కొక్కరే అటు అడుగు వేశారు.

"ఆగండి!" చుంచమ్మ ఏడుస్తూ అడ్డం వచ్చింది. "నెల కిందటే నాకు వాసన తగిలింది. తూర్పు గోడ కారుతోంది. పైనున్న గింజలింకా బాగానే ఉన్నాయి, ఇప్పుడే తీస్తే దక్కుతాయి!"

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" ముంగిస గద్దించింది.

"చెప్పినవాళ్లు ఎక్కడ కూర్చున్నారో చూశాను కదయ్యా."

ముంగిసకు సిగ్గేసింది. ముందు తనే పాతరలోకి దూకింది. వెనకే అందరూ దిగారు. పొద్దువాలేలోగా సగం గింజలు ఎండిన బండ మీదికి చేరాయి. తలా అర సంచే వచ్చింది. అయినా ఒక్కరూ గట్టు దాటలేదు.

తర్వాతి పక్షం ముంగిసే ముందు లేచింది. "పెద్ద పొరపాటు నాది. మిమ్మల్ని భయపెట్టాను" అంది.

చుంచమ్మ గుప్పెడు పేలాలు తెచ్చి దాని చేతిలో పోసింది.

నీతి: తప్పు ఒప్పుకున్నవాళ్లకు ముందు వరసలో చోటిచ్చే సంఘమే పోటీలో పదికాలాలు నిలుస్తుంది.