ఊపిరి చప్పుడు

కొండ మీద నరసింహస్వామి కల్యాణం దగ్గర పడేకొద్దీ సింగయ్యకి కాలు ఒకచోట నిలవడం లేదు. మేళం కారుకి ఏ ఎయిర్ ఫిల్టర్ పెట్టించాలో ఎంతకీ తేలడం లేదు మరి.

నాదస్వరం నేర్పిన గురువుగారు షేక్ దస్తగిరి, డోలు వాయించే ఆదెయ్య, సింగయ్య, ముగ్గురూ పెళ్ళిళ్ళకీ ఉత్సవాలకీ ఆ కారులోనే తిరుగుతారు. చదును నేల మీద అది బాగానే పోతుంది. ఘాటు రోడ్డు ఎక్కమంటేనే ఆయాసపడుతుంది. నిరుడు ఇదే కల్యాణానికి వెళ్తుంటే కొండ సగంలో చతికిలబడింది. మిగిలిన దూరం వాద్యాలు మోసుకుంటూ నడిచారు. వెళ్ళీ వెళ్ళగానే సింగయ్య గురువుగారి పక్కన మైకు ముందు నిలబడ్డాడు. రాగం మధ్యలో గాలి చాలక ఒక్కసారిగా పీల్చాడు. ఆ పీల్చడం బుస్సుమని మైకులో పడి కొండంతా వినపడింది. ఒకసారి కాదు, రాగం అయ్యేదాకా అదే వరస. పందిట్లో ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. మైకు పెట్టినవాడు తన సౌండు డబ్బా చెడిపోయిందనుకుని తీగలు లాగి చూసుకున్నాడు.

"కారు ఆగబట్టిగానీ లేకపోతే అంత పనీ జరిగేది కాదు," అని ఏడాది పొడుగునా సింగయ్య కనపడినవాళ్ళకల్లా చెప్పుకున్నాడు. అందరూ నిజమే పాపం అన్నారు. దస్తగిరి మాత్రం అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఈ ఏటి సంగతి వేరు. దస్తగిరికి పళ్ళు కదులుతున్నాయి. నాదస్వరం పట్టేవాడికి పళ్ళు పోతే ఇక అంతే సంగతులు.

"ఈసారి ముందు నువ్వు నిలబడాలిరా సింగా. నేను పక్కన ఉంటా," అన్నాడాయన.

ఆయన తాత నాటినుంచీ ఆ గుడిలో మేళం వాళ్ళదే. ఈసారి కూడా నవ్వులపాలైతే వచ్చే ఏటికి వేరే మేళాన్ని పిలుచుకుంటామని గుడివాళ్ళు మొహాన్నే చెప్పారు. ఆ మాట విన్ననాటినుంచి సింగయ్యకి తిండి సయించలేదు.

అలాంటి మనిషి సాధన పెంచాలా? పెంచలేదు. ఫోను పట్టుకున్నాడు.

"ఇంజనుకి గాలి చాలడం లేదన్నా," అని మెకానిక్ ఒక ముక్క అన్నాడు. అది సింగయ్య గుండెలో మేకులా దిగింది. తనకీ చాలనిది అదేగా! ఇక చూసుకోండి, పొద్దస్తమానం గాలి గొడవే. పాత డబ్బాలోనే ఇమిడే ఫిల్టర్ ఒకటుందట, కడిగి మళ్ళీ వాడుకోవచ్చట. బంపరు దాకా గొట్టం లాగి బయటి చల్లగాలిని తెచ్చే రకం ఇంకొకటట. అసలు డబ్బా గిబ్బా లేకుండా గరాటులాగా నోరు తెరుచుకుని ఉండే కోన్ ఫిల్టర్ మరొకటట. ఫోనులో ఒకడు దీన్ని పొగిడితే ఇంకొకడు దాన్ని పొగుడుతాడు. పొద్దున ఒకటి ఖాయం చేసుకుంటాడు, అన్నం తినేలోగా మనసు మారుతుంది. కొందామని గుంటూరు వెళ్ళాడు, కొట్టుకొట్టూ తిరిగి వట్టి చేతులతో వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ అలాగే వచ్చాడు.

"ఎనకటి సింగడు అద్దంకి పోయొచ్చాడంట. మనోడికి అద్దంకి చాల్లేదు, గుంటూరు దాకా పోయొస్తన్నాడు," అని ఆదెయ్య డోలు తాళ్ళు బిగించుకుంటూ నవ్వాడు.

ఒక పూట సాధన మధ్యలో సింగయ్య నాదస్వరం ఒళ్ళో పెట్టుకుని ఫోను తీశాడు. దస్తగిరి తన వాద్యం తుడుచుకుంటూ కూర్చున్నాడు. చివరికి సింగయ్యే ఉండబట్టలేక అడిగాడు.

"గురువుగారూ, మీరన్నా చెప్పండి. ఏది పెట్టించమంటారు?"

"కార్ల సంగతి నాకేం తెలుసురా?"

"మీ నోటిమీదుగా ఏదంటే అదే."

"నీకేం కావాలి?"

"గాలి బాగా పీల్చేది."

"అయితే అదే పెట్టించు."

ఇంకేముంది, సింగయ్య కోన్ ఫిల్టర్ కొనేశాడు. మూడింటిలోకీ నోరు పెద్దది అదే. బిగించేటప్పుడు దస్తగిరి కూడా షెడ్డు దగ్గరికి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. మెకానిక్ పాత ఫిల్టర్ డబ్బాని ఊడదీసి మూలకి గిరాటు వేశాడు. దస్తగిరి లేచి వెళ్ళి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"అదెందుకు గురువుగారూ, దండగ."

"పాత సీవాళి పారేస్తామట్రా?"

సీవాళి అంటే నాదస్వరానికి నోటి దగ్గర పెట్టుకునే రెల్లు పీక. కొత్తది పెట్టుకున్నా పాతవాటిని దారానికి గుచ్చి వాద్యానికే వేలాడదీసుకోవడం ఆ వృత్తిలో వాడుక. డబ్బా వెళ్ళి డిక్కీలో డోలు పక్కన కూర్చుంది.

గురువుగారిని పక్కన కూర్చోబెట్టుకుని కారు స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కగానే ముందునుంచి పెద్ద హోరు లేచింది. సింగయ్య ఒళ్ళు పులకరించింది. ఏడాదిగా మొహాన లేని నవ్వు వచ్చింది.

"విన్నారా గురువుగారూ!"

"వినపడకేం. ఏందిరా ఆ చప్పుడు?"

"గాలి పీలుస్తోందండీ."

"ఊపిరి తీసుకోడానికే ఇంత గోలా?" అని దస్తగిరి తన పక్క అద్దం పైకి ఎత్తుకున్నాడు.

కల్యాణం నాడు పొద్దున్నే బయలుదేరారు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. ఘాటు మొదలైంది. మలుపు మలుపుకీ హోరు పెరిగింది, నడక తగ్గింది. సింగయ్య గేరు మార్చాడు, తొక్కాడు, ముందుకి వంగి స్టీరింగుని ఛాతీకి ఆనించుకున్నాడు, తనే తోస్తున్నట్టు. ఎంత తొక్కితే అంత హోరు. చివరికి అది ఒక్క కుదుపు కుదిపి ఆగింది. నిరుడు ఆగిన మలుపు ఇంకా పైనెక్కడో ఉంది.

"నిరుడే నయం," అన్నాడు ఆదెయ్య.

సింగయ్య దిగి బానెట్ ఎత్తాడు. భగ్గుమని సెగ మొహానికి కొట్టింది. ఫిల్టర్ దగ్గర చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. డబ్బా లేకుండా ఇంజను పక్కనే నోరు తెరుచుకుని ఉన్న ఆ గరాటు ఇంతసేపూ మింగింది ఇంజను కక్కిన వేడినే. వేడిగాలిలో బలం ఉండదని ఫోనులో ఎవడో చెప్పాడు కూడా. ఆ ముక్క దగ్గర హోరు లేదని సింగయ్య వీడియోని ముందుకి జరిపేశాడు.

"అయిపోయింది గురువుగారూ," అన్నాడు. "మళ్ళీ నడవాలి. మళ్ళీ ఆ రొప్పుతోనే నిలబడాలి. మీ తాతగారి నాటి మేళం నా చేతుల్లో పోతంది."

దస్తగిరి రోడ్డు పక్క పిట్టగోడ మీద కూర్చున్నాడు.

"ముహూర్తానికి ఇంకా పొద్దుంది. నా వాద్యం ఇట్టా తీసుకురా."

సింగయ్య తెచ్చి ఇచ్చాడు.

"నేను ఊపిరి తీసుకున్నప్పుడల్లా చిటిక వెయ్యి."

ఆయన తోడి రాగం ఎత్తుకున్నాడు. సింగయ్య వేళ్ళు కలిపి పట్టుకుని చెవులు రిక్కించాడు. ఇప్పుడు తీసుకుంటాడు అనుకున్నాడు, రాగం సాగిపోయింది. ఇదిగో ఇప్పుడు అనుకున్నాడు, అప్పుడూ సాగిపోయింది. పక్కకి వచ్చి చూశాడు, వెనక్కి వెళ్ళి భుజాలకేసి చూశాడు. కిందినుంచి వస్తున్న జీపు నెమ్మదించి దాటిపోయింది. చిటిక పడలేదు. ఆయన ఆపి, సీవాళి నోట్లోంచి తీసి, దవడ అదుముకున్నాడు. ఆ పంటినొప్పితో తన కోసం అంతసేపు వాయించాడని తెలిసి సింగయ్యకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎన్నేశావు?"

"ఒక్కటీ వెయ్యలేదు గురువుగారూ."

"ఊపిరి తీసుకోకుండానే వాయించాడేమోరా," అన్నాడు ఆదెయ్య.

"ఇప్పుడు నువ్వు," అన్నాడు దస్తగిరి.

సింగయ్య ఎత్తుకున్నాడు. పట్టుమని పది స్వరాలు పలికాయో లేదో, గురువుగారి చిటిక పడింది. ఉలిక్కిపడి ఆపేశాడు.

"ఇంకా ఉంది గురువుగారూ. ఊపిరి మిగిలే ఉంది."

"ఉండగానే తీసుకో. అయిపోయాక తీసుకునేది ఊపిరి కాదు. ఎగశ్వాస."

మళ్ళీ ఎత్తుకున్నాడు. చిటిక పడినప్పుడల్లా, అక్కర్లేదనిపించినా, కాస్త తీసుకున్నాడు. మొదట్లో రాగం తెగింది. కొంతసేపటికి తెగడం మానింది. దమ్ము బిగబట్టి చివరిదాకా లాగాలన్న ఆరాటం ఏడాదిగా మెడ నరాల్లో ఉన్నది మెల్లగా వదిలింది. తోడి తన దారిన తాను వెళుతోంది. అలా ఎంతసేపు వాయించాడో, చిటిక వినపడి చాలాసేపైందని ఉన్నట్టుండి తోచింది. ఓరకంట చూశాడు. గురువుగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని లోయకేసి చూస్తున్నాడు.

సింగయ్య వాద్యం దించి, ఎవరితో ఏమీ అనకుండా డిక్కీ తెరిచాడు. పాత డబ్బా తీసి క్లిప్పులు విప్పాడు. ఇన్ని కొట్లు తిరిగాడుగానీ ఒక్కనాడూ దీని మూత తీసి చూసింది లేదు. లోపలి ఫిల్టర్ మడతల నిండా మిరపకల్లాల దుమ్ము ఎర్రగా గడ్డకట్టి ఉంది. మధ్యలో పచ్చగా నాలుగు అక్షింతలు.

"ఏ పెళ్ళివో పాపం, ఎలుక దాచుకుంది," అన్నాడు ఆదెయ్య.

సింగయ్య ఫిల్టర్‌ని పిట్టగోడకేసి కొట్టాడు. దుమ్ము లేచింది. ఆదెయ్య తుమ్మాడు. దులిపి, ఊది, మళ్ళీ దులిపాడు. చల్లారిన కోన్ ఫిల్టర్‌ని ఊడదీసి, పాత డబ్బాని దాని చోట బిగించాడు. చేతికి మసి అయింది. దస్తగిరి తన భుజం మీది తువ్వాలు ఇచ్చాడు.

కారు కదిలింది. పరుగులేమీ పెట్టలేదు, అలాగని ఆగనూ లేదు. నిరుడు ఆగిన మలుపు ఎప్పుడు దాటిందో ముగ్గురిలో ఎవరూ గమనించలేదు.

గుళ్ళో కల్యాణం మొదలైంది. సింగయ్య మైకు ముందు నిలబడ్డాడు. పక్కన శ్రుతిపెట్టె దగ్గర దస్తగిరి. ధర్మకర్త మండపం స్తంభానికి చేరబడి, ఇతనికేసే చూస్తున్నాడు. ఏడాది నాటి బుస్సు సింగయ్య చెవుల్లో మోగింది. పీక నోట పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

తలంబ్రాలు అయి, హారతి అయి, జనం ప్రసాదాలకి లేచేదాకా వాయించాడు. ధర్మకర్త వచ్చి దస్తగిరి చేతులు పట్టుకుని, "వచ్చే ఏటికీ మీరేనండీ," అని వెళ్ళాడు. సింగయ్య స్తంభం చాటుకి వెళ్ళి మొహం తుడుచుకుని వచ్చాడు.

మైకు పెట్టినవాడు తీగలు చుట్టుకుంటూ దగ్గరికి వచ్చాడు. నిరుటి అతనే.

"సాహెబుగారూ, ఒక మాట అడుగుతా. నిరుడు మైకులో ఏదో బుస్సుబుస్సున ఒకటే మోత. నా డబ్బాదే తప్పనుకుని బాగుచేయించా కూడా. ఈసారి ఆ చప్పుడే లేదు. ఏం మార్చారండీ?"

దస్తగిరి సింగయ్య కేసి చూశాడు. సింగయ్య తల వంచుకుని, సీవాళిని దారానికి కట్టుకుంటున్నాడు.

"ఏమీ మార్చలేదు నాయనా. పాత డబ్బానే దులిపి బిగించాం."