నల్లపెట్ట చూపు

హుసేనప్పకు పచ్చ తలపాగా కావాలి. ఆ కోరిక అతన్ని అన్నం తిననివ్వలేదు, నమాజులో మనసు నిలవనివ్వలేదు.

గుట్ట మీది దర్గాలో కంబళితాత దగ్గర శిష్యుడిగా చేరి చాలా ఏళ్ళయింది. ఈ మధ్య గుట్ట కింది ఊరివాళ్ళు చిన్న దర్గా ఒకటి కట్టుకుని, మా కష్టసుఖాలు వినడానికి ఒక మనిషిని పంపు తాతా అని అడిగిపోయారు. తాత తన చేత్తో ఎవరికి పచ్చ తలపాగా చుడితే వాళ్ళే ఆ మనిషి. నేను గాక ఇంకెవరున్నారు అనుకున్నాడు హుసేనప్ప. ఉండబట్టలేక అడిగేశాడు కూడా.

తాత ముంగిట్లో తల్లి వెంట తిరిగే కోడిపిల్లల్ని చూపించాడు.

"వీటిని గద్ద పాలు కాకుండా పెంచప్పా. ఎదిగినాక కడతా."

ఆ దర్గాలో కోళ్ళుండడం ఒక ఆనవాయితీ. మంచాన పడిన బిడ్డ లేచి నడిస్తే, తల్లి ఒక కోడిని తెచ్చి అక్కడ వదిలిపోతుంది. దాన్ని కొయ్యరు, కట్టెయ్యరు. బిడ్డ తిరిగినట్టే అదీ తిరగాలని.

కానీ గుట్ట మీద గద్ద అంటే మాటలా? రెక్కయినా ఆడించకుండా దిగుతుంది. నీడ పడిందని మనం తలెత్తేలోగా కోడిపిల్ల దాని కాళ్ళలో ఉంటుంది. హుసేనప్ప మేదరివాళ్ళ దగ్గర పెద్ద గంపలు అల్లించుకొచ్చి పిల్లల్ని వాటి కింద మూశాడు. ఎప్పుడైనా బయటికి వదిలితే కర్ర పట్టుకుని పక్కనే నిలబడేవాడు. వాటి తల్లి నల్లపెట్టను మాత్రం దగ్గరికి రానివ్వలేదు. అది పిల్లల్ని బయలు మీదికి లాక్కుపోతుందని అతని కోపం.

ఆ నల్లపెట్టకు ఒక అలవాటుంది. నాలుగు గింజలు పొడవడం, మెడ వంచి ఒక కన్ను పైకి పెట్టి ఆకాశం చూడడం, మళ్ళీ నాలుగు గింజలు.

"తింటున్నావా, మబ్బుల్ని కాస్తున్నావా అత్తా?" అని దాన్ని వెక్కిరించేవాడు హుసేనప్ప.

పిల్లలు అతని అరచేతిలో నూకలు తిని ఎదిగాయి. తెల్లది ఒకటి మరీ గారాబం, ఒళ్ళో ఎక్కి కునుకు తీసేది. మొక్కులకు వచ్చిన ఆడవాళ్ళకు వాటిని చూపించి, గద్దకే నేనంటే భయం పట్టుకుంది అని చెప్పుకునేవాడు. చెప్పుకోడా మరి! ఒక్కటి పోలేదు.

రెక్కల్లో ఈకలు నిండాక గంపలన్నీ తాత ముందుకు తెచ్చి ఎత్తాడు.

"చూసుకో తాతా."

తాత మెచ్చుకోలుగా తలూపాడు. లేచి, భుజం మీది నల్ల కంబళి తీసి గాల్లోకి విసిరాడు. దాని నీడ ముంగిట్లో జరజరా పాకింది. ఎక్కడో ఉన్న నల్లపెట్ట సాగదీసి ఒక కూత కూసి తుమ్మకంపలో దూరింది. గంపల కింద పెరిగినవి మాత్రం బిత్తరపోయి, పరిగెత్తుకొచ్చి హుసేనప్ప కాళ్ళ చుట్టూ మూగాయి.

హుసేనప్ప ఛాతీ పొంగింది. "చూశావా, నేనంటే ఎంత నమ్మకమో."

తాత కంబళి దులుపుకుని భుజాన వేసుకున్నాడు. "బాగుంది. నువ్వు కిందికి పోయినాక ఎవరి కాళ్ళు వెతుక్కోవాల ఇవి?"

హుసేనప్ప గంపల దగ్గరికి పోయి నిలబడ్డాడు. వాటిని మళ్ళీ మూయాలనిపించలేదు. మర్నాడు పిల్లల్ని నల్లపెట్ట వెంట వదిలి, కర్ర గోడకు ఆనించి దూరంగా కూర్చున్నాడు. చేతిలో కర్ర లేకుండా ఆ రోజులు ఎట్లా గడిచాయో అతనికే తెలియాలి. కొన్నాళ్ళకు పిల్లలు కూడా నాలుగు గింజలు పొడిచి పైకి చూడడం మొదలుపెట్టాయి.

ఒక మిట్టమధ్యాహ్నం గద్ద దిగింది. నల్లపెట్ట కూసింది. హుసేనప్ప కర్ర అందుకుని పరిగెత్తాడు. అతను చేరేసరికే అంతా అయిపోయింది. పిల్లలు తుమ్మకంప కింద చప్పుడు లేకుండా అణిగి ఉన్నాయి. గద్ద కొండ అంచు దాటుతోంది.

తాత దగ్గరికి వచ్చి నేల చూస్తూ నిలబడ్డాడు. తలపాగా సంగతి అతనికి గుర్తు లేదు.

"తెల్లది పోయింది తాతా."

"మిగతావి?"

"అవే దాక్కున్నాయి. తెల్లది నా వైపు పరిగెత్తింది. అందుకే పోయింది."

తాత లోపలికి పోయి పచ్చ గుడ్డ తెచ్చాడు. హుసేనప్ప వెనక్కి జరిగాడు. నువ్వు చెప్పిన పని నేను చెయ్యలేకపోయానన్నాడు.

"తల వంచు," అన్నాడు తాత. తీరిగ్గా, ఒక్కో చుట్టూ సరిచేస్తూ కట్టాడు. కట్టి, గడ్డం కింద వేలు పెట్టి పైకి లేపాడు. "కట్టేదాకే వంచాల. ఇంక ఎత్తుకో."

హుసేనప్ప గుట్ట దిగిపోతున్నాడు. తలపాగా ఎండలో మెరుస్తోంది, వీపు నిటారుగా ఉంది. నాలుగు అడుగులు వేస్తాడు, మెడ వంచి ఒక కంట ఆకాశం చూస్తాడు, మళ్ళీ నాలుగు అడుగులు.

గట్టు మీద నిలబడి చూస్తున్న తాత పక్కకి నల్లపెట్ట వచ్చింది.

"మనోడే," అన్నాడు తాత దానితో.